ఉయ్యాలైన పడవ

అది 2024 మే నెల. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. పటమటలోని ఆ బంగాళాపెంకుల ఇంట్లో వేడి అంతకన్నా ఎక్కువగానే ఉంది. వారంలోగా ఇల్లు ఖాళీ చేసి బిల్డరుకి అప్పగించాలి. పెంకుటిల్లు పోయి అయిదంతస్తుల అపార్టుమెంటు వస్తుంది. అందులో రెండు ఫ్లాట్లు వీళ్లవి. అందరికీ సంతోషమే. గొడవ వచ్చింది వాటాల దగ్గర కాదు, బంగారం దగ్గర అంతకన్నా కాదు... ఒక ఉయ్యాల బల్ల దగ్గర!

అయిదున్నర అడుగుల పొడవున్న టేకు బల్ల అది. రెండు పలకల్ని పక్కపక్కన అతికించి చేసింది. అడుగువైపు చూస్తే వరసగా మేకుల చిల్లులు, వాటిల్లో బిగించిన చెక్క బిరడాలు కనిపిస్తాయి. సరిగ్గా గమనిస్తే బల్ల తిన్నగా ఉండదు. ఒకవైపు కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది. ఒక చివర జానెడు పగులు. అది పెద్దదవుతోందని రెండేళ్ల కిందటే గొలుసులు విప్పేసి బల్లని గోడకి ఆనించారు.

'కొత్త ఫ్లాటులో దూలాలెక్కడుంటాయి మావయ్యగారూ? పైగా ఇది పగిలిపోయింది కూడా. పాత కలప కొట్టువాళ్లకి ఇచ్చేద్దాం' అంది కోడలు. ఆమె మాటలో తప్పేం లేదు. ఇంటెడు సామాను సర్దుతున్న మనిషికి కనిపించేది అదే. కొడుకు కూడా తలూపాడు. డెబ్భై దాటిన పెద్దాయన మాత్రం ఏమీ అనలేదు. వెళ్లి ఆ బల్ల పక్కనే కింద కూర్చున్నారు. భోజనానికి పిలిచినా లేవలేదు.

'అది బల్ల కాదమ్మా, పడవ!' అన్నాడు మనవడు.

కొడుకు ఆశ్చర్యంగా చూశాడు. తల నెరుస్తున్న వయసొచ్చినా అతనికి ఆ సంగతి తెలీదు. తండ్రి ఎప్పుడూ చెప్పలేదు. మనవడికి మాత్రం తెలిసింది. అదీ ఎక్కడో అమెరికాలో ఒక కుర్రాడు బాగుచేసిన పాత తెరచాప పడవ పుణ్యమా అని.

గట్టుమీద మూడు వేసవులు

పెద్దాయన తండ్రి పడవ సరంగు. బందరు కాలువ మీద ఆయనకో సొంత పడవ ఉండేది. కాలువంటే ఇప్పటి పిల్లలకి వంతెన మీంచి ముక్కు మూసుకుని దాటేది. కానీ ఒకప్పుడు బెజవాడకి అవే రహదారులు. 1852లో మొదలై 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్ట డెల్టాకి నీళ్లతోపాటు దారుల్నీ ఇచ్చింది. కాటన్ దొర లెక్కలో కాలువంటే పొలానికి నీరొక్కటే కాదు, సరుకుకి బాట కూడా. అందుకే నీటిమట్టం మారే చోటల్లా లాకులు కట్టారు. ఒక తలుపు మూసి, ఇంకో తలుపు తీసి, మధ్యలో నీటిని పెంచో తగ్గించో పడవని మెట్టు దింపినట్టు దింపేవారు. బందరు కాలువలో బందరుకి, ఏలూరు కాలువలో గోదావరి జిల్లాలకి, కొమ్మమూరు కాలువ మీదుగా బకింగ్‌హామ్ కాలువలోకి దిగి మద్రాసుకి... బెజవాడ నుంచి పడవెక్కితే ఎంత దూరమైనా వెళ్లిపోవచ్చు.

ఎప్పటికి చేరతామన్నది మాత్రం గాలి చెప్పాలి. వెనక నుంచి వీస్తే తెరచాప ఎత్తేవారు. గాలి పడిపోతే గడ వేసేవారు. ఎదురుగాలైతే ఇక తాడే గతి. మనుషులు గట్టు దిగి, భుజాన గుడ్డ మడతపెట్టుకుని, దానిమీద తాడు వేసుకుని వంగి నడుస్తుంటే వెనక పడవ కదిలేది. అలా లాగిలాగి తండ్రి కుడిభుజం కాయకట్టిపోయి ఉండేదని పెద్దాయనకి గుర్తు.

ఎండాకాలంలో కాలువలు కట్టేసేవారు. అప్పుడు పడవని గట్టుమీదికి లాగి మరమ్మతు చేసుకోవాలి. అడుగున పట్టిన నాచు గీకాలి. పుచ్చిన పలక తీసి కొత్తది వేయాలి. పలకల మధ్య సందుల్లో పత్తి కూరి, గుగ్గిలం, నూనె కలిపి పట్టించాలి. పత్తిని నూనెలో తడిపి తాడులా పేని తండ్రి చేతికి అందించడం పిల్లవాడి పని. కాలువలు వదిలాక పడవని నీళ్లలోకి దించితే మొదటి రెండ్రోజులూ లోపలికి నీరు ఊరేది. పిల్లవాడు కంగారుపడేవాడు. 'తాగనీరా... ఎండిన చెక్క కదా, దాహం తీరాక అదే ఆగుద్ది' అనేవాడు తండ్రి. నిజంగానే చెక్క ఉబ్బి సందులు మూసుకుపోయేవి.

1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయింది. దానిమీద రోడ్డు పడింది. ఊళ్లకి తారు రోడ్లు వచ్చాయి. పడవ రోజుల తరబడి మోసే ధాన్యం బస్తాల్ని లారీ గంటల్లో దించేసేది. బేరాలు పోయాయి. ఒక వేసవిలో గట్టెక్కిన పడవ మళ్లీ కాలువలోకి దిగలేదు. మరమ్మతుకి డబ్బుల్లేవు. ఉన్నా, దించి చేసేదేం లేదు. అలా మూడు వేసవులు అది గట్టుమీదే ఎండింది. పలకలు విచ్చుకున్నాయి. మేకులు తుప్పుపట్టాయి. తెరచాప కొయ్య ఎవరో ఎత్తుకుపోయారు. చివరికి ఒక కట్టెల అడితీ వాళ్లొచ్చి గొడ్డళ్లతో పగలగొట్టి బండ్లకెత్తుకున్నారు. అప్పటికి పెద్దాయనకి పదహారేళ్లు. తండ్రి అడ్డు చెప్పలేదు. ఆఖరి బండి కదులుతుంటే మాత్రం పరుగున వెళ్లి రెండు పలకలు కిందికి లాగేసుకున్నాడు. వాటినే తరవాత ఉయ్యాల బల్లగా చేశాడు.

ఆ సంగతి ఇంట్లో ఇంకెప్పుడూ మాటకి రాలేదు.

లారీలకి బట్టలు కుట్టే చోట

బతకాలి కదా. పటమట పొలాల్లో 1960లలో మొదలైన ఆటోనగర్ అప్పటికి నిలదొక్కుకుంటోంది. ఆసియాలోనే పెద్ద ఆటోనగర్లలో ఒకటని తరవాత బెజవాడ వాళ్లు గొప్పగా చెప్పుకున్న చోటు అది. కర్రపని కాస్త తెలిసిన ఆ కుర్రాడు ఒక బాడీ బిల్డింగ్ షెడ్డులో హెల్పరుగా చేరాడు. తండ్రి పడవని గట్టెక్కించిన లారీలకే కొడుకు తొట్టెలు కట్టాడు! ఈ మాట పెద్దాయన నవ్వుతూనే అంటారు. నవ్వు మాత్రం పెదాల దగ్గరే ఆగిపోతుంది.

కంపెనీ నుంచి లారీ వచ్చేటప్పుడు ఇంజను, చక్రాలు, చాసిస్ మాత్రమే ఉండేవి. తలుపుల్లేవు, పైకప్పు లేదు. డ్రైవరు నెత్తికి గుడ్డ చుట్టుకుని, ఎండావానల్లో అలా బోసి బండిని తోలుకుంటూ ఆటోనగర్‌కి తెచ్చేవాడు. ఇక్కడ దానికి బట్టలు కుట్టినట్టు కేబిన్, తొట్టె, తలుపులు అన్నీ కట్టేవారు. కొన్నేళ్లు తిరిగాక అదే లారీ డొక్కయి మళ్లీ వచ్చేది. పాత బాడీ ఊడబీకి కొత్తది కట్టేవారు. అలా హెల్పరు నుంచి మేస్త్రి అయ్యారు. పెళ్లయింది. స్థలం కొని పెంకుటిల్లు వేసుకున్నారు. తండ్రి చేసిన బల్ల తెచ్చి నడవ దూలానికి వేలాడదీశారు.

కొడుకు హైస్కూల్లో ఉండగా సెలవుల్లో షెడ్డుకి వస్తానన్నాడు. 'ఈ దుమ్ము నాతోనే పోవాలి. నువ్వు పుస్తకం పట్టుకో' అని కసిరారు. ఆ కుర్రాడు చదువుకున్నాడు, ఉద్యోగం తెచ్చుకున్నాడు. రంపం మాత్రం పట్టలేదు. ఫ్యాక్టరీల్లోనే కేబిన్లు తయారై రావడం మొదలయ్యాక, చెక్క స్థానంలో ఇనుము వచ్చాక పెద్దాయనకి పనీ తగ్గింది. మోకాళ్లూ మొరాయించాయి. పనిముట్ల పెట్టె మంచం కిందికి చేరింది.

ఒక్క పౌనుకి కొన్న పడవ

2020 లాక్‌డౌన్. బయటికి వెళ్లే దారి లేదు. బడి లేని మనవడికీ, పనిలేని తాతకీ మధ్య ఒక సెల్‌ఫోను. ఒకరోజు మనవడి ఫోన్లోంచి 'ఠక్ ఠక్'మన్న చప్పుడు విని పెద్దాయన తల తిప్పారు. చెక్కని బాడిసతో చెక్కుతున్న చప్పుడు అది. ఆ చెవికి పొరపాటు పడే అవకాశమే లేదు.

ఫోన్లో ఒక తెల్ల కుర్రాడు. పేరు లియో గూల్డెన్. ఇంగ్లండు దేశస్థుడు, పడవల వడ్రంగి. అంతకుముందే ఒక చిన్న పాత చెక్క పడవని బాగుచేసుకుని, ఇంజను లేకుండా తెరచాపతోనే అట్లాంటిక్ సముద్రం దాటినవాడు. అతని వెనక ఒక పెద్ద పడవ. పడవ అనడం కన్నా పడవ శవం అనడం నయం. దాని పేరు 'టాలీ హో'.

ఆ పడవకి పెద్ద కథే ఉంది. ఆల్బర్ట్ స్ట్రేంజ్ అనే ఇంగ్లిషు చిత్రకారుడు, పడవల రూపశిల్పి దాన్ని గీశాడు. 1910లో ఇంగ్లండులోని షోరమ్‌లో తయారైంది. పొడవు దాదాపు 48 అడుగులు. 1927లో ఫాస్ట్‌నెట్ పడవ పందెం జరిగినప్పుడు సముద్రం అల్లకల్లోలమైంది. ఒక్కొక్క పడవా వెనక్కి తిరిగిపోయింది. చివరిదాకా నిలిచినవి రెండే. అందులో గెలిచింది టాలీ హో. అలాంటి పడవ చేతులు మారింది, పేర్లు మారింది. 1960ల చివర్లో దక్షిణ పసిఫిక్‌లోని మనిహికి దీవి దగ్గర పగడపు దిబ్బకి కొట్టుకుంది. ఎలాగో బయటపడి, చేపలు పట్టే పడవగా కొన్నాళ్లు బతికింది. చివరికి అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రంలో బ్రూకింగ్స్ రేవులో ఏళ్ల తరబడి దిక్కులేకుండా పడుంది. పగలగొట్టేస్తారేమో అన్న పరిస్థితి. ఆల్బర్ట్ స్ట్రేంజ్ అభిమానుల సంఘం దాన్ని కాపాడి, బాగుచేసే మొనగాడి కోసం చూసింది. 2017లో లియో దాన్ని కొన్నాడు. ధర... ఒక్క పౌను!

ఒక్క పౌనుకి కొన్నది పడవని కాదు, ఏళ్ల చాకిరీని. పెద్ద ట్రక్కు మీద దాన్ని వాషింగ్టన్ రాష్ట్రంలోని స్క్విమ్ అనే ఊరికి తరలించాడు. తెలిసినవాళ్ల స్థలంలో షెడ్డు వేసుకుని పని మొదలుపెట్టాడు. చేసిన పనినంతా వీడియో తీసి అందరికీ చూపించాడు. చూసినవాళ్లు నచ్చి తలా కొంచెం డబ్బు పంపారు. దేశదేశాల నుంచి వచ్చి కొన్నాళ్లు ఉచితంగా పనిచేసి వెళ్లారు. ఆ స్థలంలో ఉండే పంచో అనే పెద్ద రంగుల చిలుక, పని మధ్యలో వచ్చి కర్రలు కొరికేది. మనవడు మొదట చూసింది ఆ చిలుక కోసమే.

వంపు చెట్టులోనే ఉంటుంది

పెద్దాయనకి ఇంగ్లిషు రాదు. అవసరం పడలేదు. లియో పెన్సిలుతో గీత గీయగానే, 'ఆ గీతకి అవతల కొయ్యాలి, మీద కొయ్యకూడదు' అనేవారు. అతను అలాగే కోసేవాడు. చిత్రిక పట్టే ముందు చెక్క ఈనె ఎటుందో వేలితో తడిమి చూస్తే, 'పనోడేరా!' అని మురిసిపోయేవారు.

ఒకరోజు పడవ పక్కటెముకలకి కలప చూపించారు. లైవ్ ఓక్ అనే చెట్టు. అమెరికాలోని జార్జియా రాష్ట్రం నుంచి తెప్పించిన గట్టి కర్ర. అమెరికా నౌకాదళం తొలినాళ్లలో కట్టిన యుద్ధనౌకలకి వాడింది ఈ జాతి చెట్టునే. ఆ చెట్టు కొమ్మలు తిన్నగా పెరగవు. మెలికలు తిరుగుతాయి. పడవకి కావాల్సింది కూడా అదే. తిన్నటి దుంగని వంపుగా కోస్తే ఈనె తెగి, అక్కడే విరుగుతుంది. పుట్టుకతోనే వంపున్న కొమ్మని ఏరుకుంటే ఈనె వంపు పొడుగునా సాగుతుంది. పెద్దాయన ఫోను లాక్కున్నంత పని చేశారు. 'మన నాగలికి తుమ్మకొయ్య ఏరినట్టేరా! చెట్టు మీదుండగానే, ఇది నాగలికి, ఇది బండికి అని చూసుకునేవాళ్లు. వంపు మనం చెయ్యం నాన్నా... చెట్టులోనే ఉంటది. వెతుక్కోవాలంతే.'

మాటల మధ్యలో ఆయన ఉన్నట్టుండి, 'మా నాన్న పడవక్కూడా ముందు భాగం పక్కటెముకలు అలాంటివే' అన్నారు.

'మీ నాన్నకి పడవుందా తాతయ్యా?'

అయిదు దశాబ్దాల తరవాత, ఆ మధ్యాహ్నం, గట్టుమీద మూడు వేసవుల కథ మొదటిసారి బయటికి వచ్చింది.

అదే పడవా?

వాళ్లిద్దరికీ అదొక అలవాటైపోయింది. బళ్లు తెరిచాక కూడా కొత్త వీడియో వస్తే రాత్రి భోజనాలయ్యాక కలిసి చూడాల్సిందే. టాలీ హోలో పుచ్చిన పక్కటెముకలన్నీ పోయాయి. వెన్నెముక లాంటి అడుగు దూలం పోయింది. దాని స్థానంలో పర్పుల్‌హార్ట్ అనే ఊదారంగు గట్టి కర్ర వచ్చింది. పలకలు మారాయి, పైతట్టు మారింది. పాత కర్రలో మిగిలింది బహు తక్కువ.

'తాతయ్యా, అన్నీ మార్చేశాక అది పాత పడవెలా అవుద్ది? కొత్త పడవే కదా?' అనడిగాడు మనవడు. పిల్లవాడికి తెలీదుగానీ, ఇది రెండు వేల ఏళ్లనాటి ప్రశ్న. థీసియస్ అనే వీరుడి ఓడని ఏథెన్స్ వాళ్లు దాచుకుని, పుచ్చిన పలకల్ని మారుస్తూ వచ్చారనీ, అది అదే ఓడా కాదా అని పండితులు వాదులాడుకునేవారనీ గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు.

పెద్దాయన దగ్గర లారీ జవాబు ఉంది. 'బాడీ ఎన్నిసార్లు మార్చినా చాసిస్ నంబరు ఒకటే. అదే లారీ.' కానీ ఇక్కడ చాసిస్ లాంటి అడుగు దూలాన్నే మార్చేశారు కదా! ఆయనకి జవాబు దొరకలేదు. నాలుగు రోజులు ఆలోచించారు. పాత వీడియోలు మళ్లీ పెట్టించుకున్నారు. లియో పడవని ఒక్కసారిగా విప్పేయలేదు. పాత పలకలు అలాగే ఉంచి, వాటినే అచ్చుగా వాడుకుంటూ, లోపల పక్కటెముకల్ని వరసలో ఒక్కొక్కటే మార్చాడు. పక్కటెముకలు గట్టిపడ్డాక పలకలు మార్చాడు. ఏ రోజునా ఆ పడవ ఆకారం చెదరలేదు.

'వంపు అదేరా' అన్నారు అయిదోరోజున. 'కర్ర మారింది, వంపు మారలా. పాత కర్ర ఉండగానే కొత్త కర్రకి అది నేర్పేసి పోయింది. అందుకని అదే పడవ.'

ఆ మాట అన్నాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

టీ తెమ్మన్న మేస్త్రి

ఆయనకి గుర్తొచ్చింది తన షెడ్డు. లారీ కేబిన్ నెత్తిమీద ఒక వంపు ఉంటుంది. ముందునుంచి వెనక్కి, మధ్యనుంచి పక్కలకి ఒకేసారి తిరిగే వంపు. దాని కొలత తీయడంలో ఒక కిటుకుంది. ఆటోనగర్‌లో అది చక్కగా వచ్చినవాళ్లలో ఆయనొకరు. ఆ కొలత తీసే సమయానికి ఆయన హెల్పరుని పిలిచి, 'పోయి టీ పట్రా' అనేవారు. కుర్రాడు టీ తెచ్చేసరికి గీతలు గీయడం అయిపోయేది. ఆయన గురువు ఆయన్నీ అలాగే పంపేవాడు. ఎన్నో టీలు తెచ్చాక, ఒకరోజు కిటికీ సందులోంచి దొంగచాటుగా చూసి నేర్చుకున్నారు. పని గుట్టు పదిమందికి తెలిస్తే కూడు పోతుందన్నది అప్పటి భయం. భయానికి కారణమూ ఉంది. ఒక షెడ్డులో నేర్చుకున్నవాడు పక్క షెడ్డులో తక్కువ కూలికి చేరేవాడు.

ఈ లియో మాత్రం అన్నీ చెప్పేస్తున్నాడు. తప్పు కోస్తే ఆ ముక్కా చూపిస్తున్నాడు. 'ఎందుకు చూపిస్తున్నాడ్రా? జనం నవ్వరూ?' అని అడిగారు పెద్దాయన మొదట్లో. నవ్వకపోగా, ఆ తప్పు చూసినవాళ్లు తమ పడవల్లో ఆ తప్పు చేయకుండా జాగ్రత్తపడ్డారు.

చూపించకుండా పోయిన పనులు మనకి ఎన్నో. 17వ శతాబ్దంలో గోదావరి ఒడ్డున నరసాపురం దగ్గర ఓడలు కట్టించుకోవడానికి ఇంగ్లిషు, డచ్చి వర్తకులు వచ్చేవారు. కోస్తా అంతటా పలకల్ని మేకులతో కాకుండా కొబ్బరి పీచు తాళ్లతో కుట్టి కట్టిన మసూలా పడవలు అలల మీద ఊగేవి. ఆ మేస్త్రులు కొలతలు రాసిపెట్టలేదు. చేతినుంచి చేతికి అందినంత కాలమే ఆ విద్య బతికింది. అలా కుట్టిన పాతకాలపు ఓడ ఒకటి ఇప్పుడు కట్టాలనుకున్నప్పుడు భారత నౌకాదళానికి నక్షా దొరకలేదు. అజంతా గుహలో గోడమీద ఉన్న ఓడ బొమ్మే ఆధారమైంది. కేరళకి చెందిన కుట్టుపడవల మేస్త్రి బాబు శంకరన్ బృందం ఆ బొమ్మకి ప్రాణం పోసింది. 2025 మే 21న కార్వార్‌లో 'కౌండిన్య' పేరుతో అది నౌకాదళంలో చేరింది. ఆ మేస్త్రి చేతుల్లో కుట్టుపని మిగిలి ఉండబట్టి సరిపోయింది. అదీ లేకపోతే గోడమీద బొమ్మ బొమ్మగానే ఉండేది.

దాహం తీరనీ

2024 ఏప్రిల్ 27. వాషింగ్టన్ రాష్ట్రంలోని పోర్ట్ టౌన్‌సెండ్ రేవు. ఏడేళ్ల పని తరవాత టాలీ హోని పెద్ద క్రేను పట్టీల మధ్య వేలాడదీసి నెమ్మదిగా నీళ్లలోకి దించారు. రేవంతా జనం. ఎన్నో ఏళ్లుగా ఆ పనిని దూరం నుంచి చూసినవాళ్లు, వచ్చి చేయివేసి వెళ్లినవాళ్లు కేకలు వేశారు.

ఆ దృశ్యాన్ని పటమటలో తాతామనవలు ఫోన్లో చూశారు. అప్పటికి మనవడికి ఇంటర్ పరీక్షలు అయిపోయాయి, ఎంట్రెన్సు పరీక్ష నెత్తిమీద ఉంది. అయినా పుస్తకం మూసి వచ్చాడు. పడవ నీటిని తాకగానే పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. 'లోపల నీరు ఊరుద్ది చూడు. కంగారుపడకూడదు. తాగనివ్వాలి. దాహం తీరాక అదే ఆగుద్ది' అన్నారు. ఆ మాట ఎవరిదో మనవడికి అప్పటికే తెలుసు.

కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న కాలువల్ని, గోదావరి, కృష్ణా నదుల్లో కొంత మేరని కలిపి 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. బందరు కాలువలో తెరచాపలు మాత్రం మళ్లీ లేవలేదు. గట్టుమీద విరిగిన ఆ పడవకి ఇంగ్లండు సంఘాలూ లేవు, చందాలిచ్చే అభిమానులూ లేరు. మిగిలింది రెండు పలకలు. అవి కూడా ఇప్పుడు కలప కొట్టుకి వెళ్లబోతున్నాయి. ఆ మే నెల మధ్యాహ్నం మనవడు 'అది పడవ' అని అడ్డుపడింది ఇందుకే.

కథంతా విన్నాక కొడుకు మాట్లాడలేదు. మంచం కిందికి వంగి, దుమ్ము పట్టిన పనిముట్ల పెట్టె బయటికి లాగాడు. 'బాగుచెయ్యి నాన్నా. ఏం కావాలో చెప్పు, అందిస్తాను' అన్నాడు. చిన్నప్పుడు రానివ్వని పనికి ఇన్నాళ్లకి హెల్పరుగా చేరాడు!

పగులు మీద జిగురు పోస్తే సరిపోదు. బల్లమీద మనిషి బరువు పడితే మళ్లీ విచ్చుకుంటుంది. డమరుకం ఆకారంలో గట్టి చెక్కముక్కలు కోసి, పగులుకి అడ్డంగా అదే ఆకారంలో గుంటలు తొలిచి, వాటిల్లో బిగించాలి. డమరుకం నడుము పగులుమీద ఉంటుంది. రెండు తలలూ రెండువైపులా పట్టుకుంటాయి. ఇక పగులు విడిపోదామన్నా విడిపోలేదు. మూడు రోజులు పట్టింది. మొదటి గుంట కాస్త వదులైంది. పెద్దాయన చెయ్యి వణికింది. ముక్క తీసి పక్కన పడేశారు. మనవడు ఫోను పట్టుకుని తీస్తూనే ఉన్నాడు. 'అది తీసెయ్యనా తాతయ్యా?' అనడిగాడు. పెద్దాయన కాసేపు ఆలోచించి, 'ఉంచు. ఎందుకు వదులైందో చెబుతాను' అన్నారు.

బల్ల వంపుని మాత్రం చిత్రిక పట్టి తిన్నగా చేయలేదు. చేయనివ్వలేదు.

ఇప్పుడు ఆ ఇంటి స్థానంలో అపార్టుమెంటు ఉంది. మూడో అంతస్తు బాల్కనీలో ఒక ఇనప స్టాండు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులోనే వెల్డింగు చేయించారు. దానికి గొలుసులు, గొలుసులకి పడవ. సాయంత్రం పని అయ్యాక ఎక్కువగా ఊగేది కోడలే. మావయ్యగారు ఎక్కడ కూర్చుంటారో తెలుసు కాబట్టి ఆ చివర కాస్త చోటు వదులుతుంది.

మనవడు తీసిన వీడియో చూసినవాళ్లు వందమంది కూడా ఉండరు. ఆ లెక్క పెద్దాయన అడగలేదు. 'మన షెడ్డులో పనిచేసిన కుర్రాళ్లెవరన్నా చూశార్రా?' అని మాత్రం రెండుమూడుసార్లు అడిగారు. మొన్న సెలవులకి మనవడు ఇంటికి వచ్చినప్పుడు అట్టముక్కలు, రెండు సన్నటి వెదురు బద్దలు, పెన్సిలు, మూలమట్టం ముందేసుకుని కూర్చున్నారు. లారీ నెత్తి వంపుకి కొలత తీసే పద్ధతి అది. ఇప్పుడు ఆ పని అడిగేవాళ్లు లేరు. అయినా వెదురు బద్దని వంచి రెండు చివర్లా పట్టుకున్నారు.

'తాతయ్యా, మొదలుపెట్టే ముందు టీ తేనా?' అన్నాడు మనవడు ఆటపట్టిస్తూ.

'టీ తరవాత తాగొచ్చు' అన్నారు పెద్దాయన. 'ముందు కూర్చో. ఇది చూడు.'